‘ఉపస్థితః’: ఒక్క మాట వేషంలో నాకు తెలిసిన ధ్వని

సంస్కృత నాటకంలో ధ్వని (నేరుగా చెప్పకుండా స్ఫురించే అర్థం) అంటే పాత్రలు అసలు సంగతి దాచి మాట్లాడటమేనా, నటులు దాన్ని ఎలా చూపిస్తారు అని అడిగారు. నాకు ఈ విషయం క్లాసులో కంటే రిహార్సల్లోనే బాగా అర్థమైంది.

ఎం.ఏ.లో భవభూతి ఉత్తరరామచరితం మొదటి అంకం వేశాం. నాది ప్రతీహారి, అంటే ద్వారపాలిక, వేషం. గర్భవతి అయిన సీత చిత్రాలు చూసి అలసిపోయి, రాముడి చెయ్యే తలగడగా నిద్రపోతుంది. ఆమెను చూస్తూ రాముడు ‘ఇయం గేహే లక్ష్మీః’ శ్లోకం చదువుతాడు. ఇంటికి లక్ష్మి, కళ్ళకు అమృతపు కాటుక, ఈమెలో నాకు ప్రియం కానిదేముంది, భరించలేనిది ఒక్క విరహమే అంటాడు. శ్లోకంలో చివరి మాట ‘విరహః’. అప్పుడే ప్రతీహారి వచ్చి ‘దేవ, ఉపస్థితః’ (ప్రభూ, వచ్చేశాడు) అంటుంది. ఎవరని రాముడు అడిగితే దుర్ముఖుడని చెబుతుంది. సీత గురించి ఊరు ఏమనుకుంటోందో మోసుకొచ్చిన చారుడు అతను.

మూలంలో ప్రతీహారిది ప్రాకృతం, మేం దాని సంస్కృత ఛాయే (సంస్కృత రూపమే) వాడాం. సంస్కృతంలో విరహః పుంలింగం. అందుకే ఉపస్థితః అన్న మాట దుర్ముఖుడికీ సరిపోతుంది, విరహానికీ అతుకుతుంది. తెలుగులో ఇది విరిగిపోతుంది: విరహం ‘వచ్చింది’, దుర్ముఖుడు ‘వచ్చాడు’.

నేను మొదట్లో కాస్త ఆగి, గొంతు బరువు చేసి, ఏదో కీడు మోసుకొచ్చినదానిలా ఆ మాట అనేదాన్ని. మా మాస్టారు ఆపేశారు. “అమ్మా, ప్రతీహారికి ఏం తెలుసు? గుమ్మంలో మనిషి వచ్చాడు, అంతే. ఇంట్లో ‘ఎవరో వచ్చారండీ’ అంటాం చూడు, అలా అను. విరహః అన్నాక ఊపిరి తీసుకునేంత వ్యవధి కూడా ఇవ్వకు.” మామూలుగా అన్నాను. పక్కన కూర్చున్న వాళ్ళంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు. రాముడు వేసిన అబ్బాయి “ఎవరు?” అని అడిగేలోపే వాళ్ళకు తెలిసిపోయింది.

అంటే ఇక్కడ ఎవరూ ఏమీ దాచడం లేదు. రాముడికి తెలియదు, ప్రతీహారికి తెలియదు, రెండు మాటలనూ కలిపేది ప్రేక్షకుడే. నటి ముందే కలిపి చూపిస్తే అతనికి చెయ్యడానికి ఇంకేం మిగలదు. 9వ శతాబ్దంలో కశ్మీరంలో ధ్వని సిద్ధాంతకర్త ఆనందవర్ధనుడు చెప్పింది కూడా ఇదే దారిలో ఉంటుంది: రసాన్ని దాని పేరుతో చెబితే పుట్టదు, స్ఫురించాలి. భవభూతి అంతకు ముందే, 8వ శతాబ్దంలోనే, రంగం మీద ఆ పని చేసేశాడు.

మీరన్నట్టు కావాలని చాటుగా చెప్పే చోట్లు కూడా ఉన్నాయి. కాళిదాసు శాకుంతలం మూడో అంకంలో శకుంతల, దుష్యంతుడు ఒంటరిగా ఉన్నప్పుడు ఆశ్రమంలోని పెద్దావిడ గౌతమి వస్తోందని హెచ్చరించాలి. తెరవెనక నుంచి ఓ మాట వినిపిస్తుంది: ఆడ చక్రవాకమా, నీ జతగాడి దగ్గర సెలవు తీసుకో, ‘ఉపస్థితా రజనీ’ (రాత్రి వచ్చేసింది). మళ్ళీ అదే మాట చూడండి. హెచ్చరిక శకుంతలకు చేరుతుంది. కానీ చక్రవాకాల జంట రాత్రంతా విడిపోయి ఉంటుందని కవుల మాట. తర్వాతి అంకంలో దుర్వాసుడి శాపం రాబోతోంది. రాబోయే ఆ రాత్రి ఎంత పొడుగో శకుంతలకు తెలియదు, హెచ్చరించినవాళ్ళకూ తెలియదు.