గ్యారేజీలో బ్యాండ్ సా పెడతానంటున్న గాజువాక తమ్ముడికి

"అన్నయ్యా, ఇల్లు కొన్నాను, గ్యారేజీ పెద్దదే, అమ్మ వచ్చేలోపు పూజా మందిరం నేనే చేద్దామనుకుంటున్నాను, రెండంగుళాల మందం వాల్‌నట్ పలకలు దొరికాయి, వాటిని పల్చగా కోసుకోవాలంటే ఏ బ్యాండ్ సా కొనాలి?" అని అడిగాడు మన గాజువాక కుర్రాడొకడు, ఒహాయో వచ్చి మూడేళ్ళయింది. ఇదే సంగతి ఈమధ్య ఇంకో ఇద్దరు కూడా అడిగారు కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నాను. బ్యాండ్ సా అంటే పైనొకటి కిందొకటి ఉన్న చక్రాల మీద రిబ్బను లాంటి రంపం బ్లేడు తిరుగుతూ చెక్క కోసే మెషీన్. నేను కూడా ఒహాయోలోనే పద్దెనిమిదేళ్ళ నుంచి ఉంటున్నాను గానీ ప్రస్తుతం సెలవు మీద వైజాగ్‌లో ఉన్నాను, అక్కయ్యపాలెం ఇంట్లో మేడమీద కూర్చుని టైపు చేస్తున్నాను, కింద అమ్మ భోజనానికి పిలిచేలోపు ఎంతవరకు అయితే అంతవరకు.

ముందు అపార్టుమెంట్లో అద్దెకున్న వాళ్ళకి: వద్దు. ఈ మెషీన్ రెండొందల పౌండ్ల పైమాటే, లీజు అయిపోయినప్పుడల్లా మోసుకుంటూ తిరగలేరు, కింద ఇంటివాళ్ళు ఊరుకోరు కూడా. కొత్తగా వచ్చినవాళ్ళయితే చెక్కని సామిల్లులోనే కోయించుకోండి, ఒహాయోలో అమిష్ వాళ్ళ (పాతకాలం పద్ధతుల్లోనే బతికే ఒక క్రైస్తవ సమాజం) మిల్లులు బోలెడు, కావలసిన మందం చెబితే కోసిస్తారు, రేటు కూడా న్యాయంగా ఉంటుంది.

ఇక గ్యారేజీ ఉన్నవాళ్ళ సంగతి. మెషీన్ మీద 14 అంగుళాలు అని రాసుంటే 14 అంగుళాల చెక్క కోస్తుందనుకుంటారు చాలామంది, నేనూ అలాగే అనుకున్నాను మొదట్లో. అది లోపల బ్లేడు తిరిగే చక్రం సైజు. పలకని నిలబెట్టి మందంలో చీల్చాలంటే చూడాల్సింది ఇంకో అంకె, టేబుల్‌కీ పైనున్న గైడుకీ (బ్లేడు పక్కకి పోకుండా పట్టి ఉంచేది) మధ్య ఎంత ఎత్తు దొరుకుతుందో అది. పాతకాలం పోత ఇనుము 14 అంగుళాల మెషీన్లలో ఆ ఎత్తు 6 అంగుళాలే. మధ్యలో రైజర్ బ్లాక్ అని ఇంకో 6 అంగుళాల దిమ్మ పెట్టి బిగిస్తే 12 అవుతుంది, అప్పుడు మామూలుగా పట్టే 93న్నర అంగుళాల బ్లేడు చాలదు, 105 అంగుళాలది కొనాలి. బానే ఉంది కదా అనిపిస్తుంది గానీ ఎత్తు పెరిగింది, మోటారు మాత్రం ఆ పాత ముప్పావు హెచ్‌పీదే, 12 అంగుళాల గట్టి చెక్క పెడితే మధ్యలో మూలుగుతుంది. 6 అంగుళాల వెడల్పు వాల్‌నట్‌కి నిదానంగా తోస్తే 1 హెచ్‌పీ సరిపోతుంది, 10, 12 అంగుళాలకి వెళ్తే ఒకటిన్నర నుంచి రెండు ఉండాలి. ఒక అంచనా కోసం చెప్తాను, గ్రిజ్లీ వాళ్ళ జీ0555 అంటే 1 హెచ్‌పీ, 6 అంగుళాలు, రైకాన్ వాళ్ళ 10-326 అంటే 1.75 హెచ్‌పీ, 13 అంగుళాలు. మందిరం తలుపులకి, పక్క పలకలకి 6 అంగుళాల వెడల్పు ముక్కలు రెండు అతికిస్తే సరిపోతుంది, దానికోసం పెద్ద మెషీన్ అక్కర్లేదు తమ్ముడూ, నీకు ఇంకా ఇంటి లోను ఉంది.

టేబుల్ సా (బల్లలోంచి గుండ్రటి బ్లేడు పైకి లేచేది) ఉంది కదా దాంతో కోసుకోవచ్చు కదా అంటే, కోసుకోవచ్చు గానీ 10 అంగుళాల బ్లేడు మూడంగుళాల పైచిలుకు వరకే లేస్తుంది, అటు తిప్పి ఇటు తిప్పి కోయాలి, పైగా ప్రతి కోతకి అంగుళంలో ఎనిమిదో వంతు పొట్టు కిందే పోతుంది. బ్యాండ్ సా అయితే అందులో సగమో ఇంకా తక్కువో తింటుంది. రెండంగుళాల వాల్‌నట్ పలకలో అరంగుళం ముక్కలు మూడు తీసుకుంటావా రెండు తీసుకుంటావా అన్నది అక్కడే తేలిపోతుంది. ఇంకోటి, బ్యాండ్ సాలో బ్లేడు చెక్కని కిందకి టేబుల్ మీదకే నొక్కుతుంది కాబట్టి చెక్క వెనక్కి ఎగిరొచ్చి పొట్టలో గుద్దడం అనేది ఉండదు. వేలు తెగదని మాత్రం కాదు, మాంసం కొట్లో ఎముకలు కోసే మెషీన్ కూడా ఇదే జాతి.

నేను చేసిన తప్పు చెప్తాను. మొదట ఒక పెద్ద షాపులో 10 అంగుళాల బుల్లి మెషీన్ కొత్తది కొన్నాను, బల్ల మీద పెట్టుకునేది, మూడో వంతు హెచ్‌పీ. ఆరంగుళాల మేపుల్ పెట్టాను. కోసేసరికి అరగంట పట్టింది, పొగ వచ్చింది, మా ఆవిడ స్మోక్ అలారం మోగిందనుకుని పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. దాన్ని సగం రేటుకి అమ్మేసి, ఒక రిటైరైన ముసలాయన దగ్గర పాతికేళ్ళ నాటి పోత ఇనుము 14 అంగుళాలది 400 డాలర్లకి తెచ్చుకున్నాను, ఇప్పటికీ అదే. కాబట్టి సెకండ్ హ్యాండ్‌కే నా ఓటు. వెళ్ళినప్పుడు ప్లగ్గు తీయించి పై చక్రం చేత్తో తిప్పి చూడు, గరగరమంటే బేరింగు పోయినట్టు. చక్రం మీద రబ్బరు టైరు పగుళ్ళిచ్చిందా చూడు, అది మార్చుకోవడం తేలికే, దాన్ని చూపించి రేటు తగ్గించమని అడుగు. బ్లేడు ఎప్పుడూ బిగించే వదిలేసిన మెషీన్లలో స్ప్రింగు అణిగిపోయి ఉంటుంది, అదీ మార్చుకోవచ్చు. టేబుల్ కింద దాన్ని మోసే పోత ముక్కలో చీలిక ఉంటే మాత్రం మాట్లాడకుండా వచ్చేయ్. తీసుకొచ్చేటప్పుడు టేబుల్ విప్పేసి విడిగా తీసుకురా, బరువంతా పైనే ఉండే మెషీన్ అది, ఒక్కడివే ఎత్తబోయి నడుం పట్టేసుకుంటే ఫిజియోథెరపీ బిల్లు మెషీన్ రేటు కంటే ఎక్కువవుతుంది, అక్కడి ఇన్సూరెన్సు సంగతి నీకు తెలిసే ఉంటుంది.

మిగిలిన డబ్బులు బ్లేడు మీద పెట్టు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, మెషీన్‌తో వచ్చిన సన్న పళ్ళ బ్లేడుతోనే రీసా, అంటే పలకని నిలబెట్టి చీల్చడం, మొదలుపెట్టి, కోత వంకర పోయిందని మెషీన్‌ని తిడతారు. నిలబెట్టిన చెక్కలో కోత పొడుగు కదా, పొట్టంతా పన్నుకీ పన్నుకీ మధ్యనున్న గుంటలోనే కూర్చుని బయటికి రావాలి. పళ్ళు దగ్గరదగ్గరగా ఉంటే గుంట చిన్నది, పొట్టు నిండిపోయి బ్లేడు ముందుకి వెళ్ళలేక పక్కకి వంగుతుంది. పైనుంచి చూస్తే కోత తిన్నగానే ఉంటుంది, విడదీసి చూస్తే పలక మధ్యలో బొజ్జ. అందుకని అరంగుళం వెడల్పు, అంగుళానికి 3 పళ్ళు, ముందుకి వంగిన పళ్ళున్న బ్లేడు అడుగు. ముప్పావు అంగుళం బ్లేడు పడుతుందని మెషీన్ పుస్తకంలో రాసుంటుంది, పడుతుంది కూడా, కానీ దాన్ని సరిగ్గా బిగించే సత్తా ఈ పాత ఫ్రేముకి ఉండదు, సరిగ్గా బిగిసిన అరంగుళమే దానికంటే తిన్నగా కోస్తుంది. ఇంకా గట్టిగా ఉండే కార్బైడ్ పళ్ళవి నాలుగైదు రెట్లు రేటు, ఒక్క మందిరం కోసం దండగ.

బిగింపుకి మెషీన్ మీదున్న స్కేలుని నమ్మకు. గైడు 6 అంగుళాలు పైకెత్తి బ్లేడు పక్క నుంచి వేలితో గట్టిగా నొక్కితే పావంగుళం వరకు కదలాలి, అంతకంటే ఎక్కువ కదిలితే ఇంకా బిగించు. పక్క గైడుకీ బ్లేడుకీ మధ్య ఒక కాగితం పట్టే సందు, వెనక బేరింగు తాకీ తాకనట్టు ఉండాలి. పని అయ్యాక బ్లేడు వదులు చెయ్, మర్చిపోకుండా ఉంటానికి నేను స్విచ్చి మీద ఒక బట్టల క్లిప్పు తగిలిస్తాను.

ప్రతి బ్లేడుకీ ఒక వంకర బుద్ధి ఉంటుంది, కొంచెం ఎడమకో కుడికో లాగుతుంది. ఒక పనికిరాని ముక్క మీద అంచుకి సమంగా గీత గీసి, ఫెన్సు (చెక్కని ఆనించి తోసే అడ్డపట్టీ) లేకుండా చేత్తో గీత వెంబడే సగం వరకు కొయ్యి, ఆపు, చెక్క ఏ కోణంలో నిలబడిందో ఆ కోణానికే ఫెన్సు తిప్పి బిగించు. ఫెన్సు పొట్టిగా ఉంటే దానికొక ఎత్తైన చెక్క కట్టు. పలకకి ఒక ముఖం, ఒక అంచు ముందే చిత్రిక పట్టి తిన్నగా చేసుకోవాలి, ఆ తిన్నటి ముఖమే ఫెన్సుకి ఆనాలి, ప్రతి కోత తర్వాత మళ్ళీ చిత్రిక పట్టాకే తర్వాతి కోత. గైడు చెక్కకి పావంగుళం పైన ఉండేలా దించు. చివరి మూడంగుళాలు చేత్తో తోయకు, కర్రముక్కతో తొయ్యి.

ఇప్పుడు తేమ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా పెరట్లో వేపచెట్టు కూలిపోయింది, వైజాగంతా అలాగే ఉండేది అప్పుడు, ఏ రోడ్డు చూసినా పడిపోయిన చెట్లే. నాన్న ఆ మొద్దుని వారం తిరక్కుండా సామిల్లుకి తోలించేశారు, "పచ్చి మీద కోస్తే ఏటవుద్దో తెలుసా బాబూ" అని అక్కడి మేస్త్రి అన్నా వినలేదు, పలకలు తెచ్చి గోడకి ఎండలో నిలబెట్టారు. నెల తిరిగేసరికి వేయించిన అప్పడాల్లా అయ్యాయి అన్నీ, ఒకటి మాత్రం ఇప్పటికీ మేడమీద పూలకుండీల కింద ఉంది, మూలకి ఇటుకముక్క పెడితే గానీ కుదురుగా ఉండదు. ఒహాయోలో నువ్వు కొనే పలక బట్టీలో ఆరినదైతే 6 నుంచి 8 శాతం తేమ ఉంటుంది, అయినా రెండుగా చీల్చగానే లోపలి బిగింపు వదిలి వంగుతుంది. అందుకని అరంగుళం కావాలంటే ఐదు బై ఎనిమిది అంగుళాలకి కొయ్యి, మధ్యలో సన్న బద్దలు పెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి పైన బరువు పెట్టి రెండు వారాలు వదిలెయ్, ఇంట్లోనే, గ్యారేజీలో కాదు. తలుపు పలకల్ని ఫ్రేములో జిగురు పెట్టి అతికించకు, గాడిలో వదులుగా కూర్చోబెట్టు. వానాకాలం వస్తే మన ఇళ్ళల్లో తలుపులు పట్టేస్తాయి చూశావా, అక్కడ దానికి తోడు చలికాలం హీటరుకి ఎండిపోయి కుంచించుకుపోవడం కూడా ఉంటుంది.

కొనేటప్పుడు లెక్క తికమక పడకు, ఇక్కడ సీఎఫ్టీ (ఘనపుటడుగు) అంటారు, అక్కడ బోర్డ్ ఫుట్ (అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం) అంటారు, 12 బోర్డ్ ఫుట్లు ఒక సీఎఫ్టీ. వాల్‌నట్‌ని ఇక్కడి టేకు రేటుతో పోల్చుకోవాలంటే ఈ లెక్క పనికొస్తుంది.

కరెంటు: ఒకటిన్నర హెచ్‌పీ దాటితే 20 ఆంప్స్ సొంత లైను వేయించుకో. నేను గ్యారేజీ ఫ్రిజ్ ఉన్న లైనుకే పెట్టాను, బ్రేకరు పడిపోయింది, చూసుకోకుండా శుక్రవారం ఊరెళ్ళాం, ఆదివారం వచ్చేసరికి దాచుకున్న వంజరం ముక్కలు మొత్తం కంపు, ఆ వాసన వారం పోలేదు. వెళ్ళిపోయేటప్పుడు మెషీన్ ఇండియాకి తెచ్చేసుకుందామన్న ఆలోచన కూడా వద్దు, అది 120 వోల్టులు 60 హెర్ట్జ్, మనది 230కి 50, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మోటారు వేగం ఆరో వంతు తగ్గుతుంది. పొట్టుకి డస్ట్ కలెక్టరు, మూతికి మాస్కు, రెండూ ఉండాలి.

మందిరం బాగా వస్తే తెలుగువాళ్ళందరూ మాకూ చేసిపెట్టమంటారు, డబ్బులిస్తామంటారు. హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నంతకాలం స్పాన్సర్ చేసిన కంపెనీ పనికి తప్ప ఇంకెక్కడా డబ్బు తీసుకోకూడదు, సరదాగా అనుకుని ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టకు, అంతగా కావాలంటే ముందు లాయరుని అడుగు. ఊరికే చేసిచ్చి భోజనానికి పిలిపించుకో.

అమ్మ రెండోసారి పిలిచింది. ఎల్లుండి లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక వెళ్తున్నాను, అంకుడు కర్ర మీద లక్క పట్టించిన గుండీలు తలుపులకి పిడుల్లాగ బాగుంటాయి, నీకూ నాలుగు తెస్తాను, ఎర్రవా పసుపువా రేపటిలోగా మెసేజ్ పెట్టు.