ముందు ఒక విషయం ఎంచుకో

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. ఎంఏ జర్నలిజం అయ్యాక యాంకరింగ్‌కి వెళ్లాలా, డిజిటల్ డెస్క్‌లో చేరాలా, పీఆర్ కంపెనీ చూసుకోవాలా అని అడిగావు. దానికి జవాబు చెప్పే ముందు నేనొకటి అడుగుతాను. ఏ విషయం గురించి నీకు పక్కవాళ్ల కంటే ఎక్కువ తెలుసు?

లీడ్ (వార్త మొదటి వాక్యాలు) రాయడం, పీటూసీ (కెమెరా వైపు చూస్తూ వార్త) చెప్పడం, ఎడిటింగ్ మీ కోర్సులో నేర్పుతారు. శ్రద్ధగా నేర్చుకో. కానీ మీ క్లాసులో అందరికీ అవే వస్తాయి. మంచి తెలుగు, మంచి గొంతు ఉన్నవాళ్లు దొరికినంత తేలిగ్గా నీటిపారుదల శాఖ ఇచ్చిన లెక్క చదివి అందులో తేడా పట్టుకునేవాళ్లు దొరకరు. నీళ్లే కానక్కర్లేదు. భూమి రికార్డులు, ప్రభుత్వాసుపత్రుల్లో మందుల కొనుగోళ్లు, బడ్జెట్ పద్దులు, ఏదో ఒకటి పట్టుకుని రెండు మూడేళ్లు వదలకు.

నువ్వు మిర్యాలగూడ పిల్లవి, మీ పొలం సాగర్ ఎడమ కాలువ కింద ఉంది కాబట్టి నీళ్లతోనే చెబుతాను. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, పైనున్న శ్రీశైలానిది 885. ఇవి మీ ఇంట్లో అందరికీ నోటికి వచ్చి ఉంటాయి. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ లెక్క వచ్చిందనుకో, 'పది రోజులు 5,000 క్యూసెక్కులు వదిలాం' అని ప్రెస్ నోట్ వస్తే అది నాలుగు టీఎంసీలకు కాస్త పైన అని అక్కడికక్కడే తేలుతుంది. కృష్ణా జలాల తగాదా తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికిచ్చిన 811 టీఎంసీల కృష్ణా నీళ్లలో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని 2015లో తాత్కాలికంగా అనుకున్న వాటాల మీద గొడవ ఎందుకు తెగడం లేదో కూడా అప్పుడు అర్థమవుతుంది.

ఇక కాలువ గట్టు పట్టుకుని చివరి భూముల దాకా వెళ్లు. కాలువ నీళ్లు చూసుకునే లస్కర్‌ని అడుగు, తూము దగ్గర రైతుల్ని అడుగు. వారబందీలో, అంటే వంతులవారీగా నీళ్లు వదిలే పద్ధతిలో, తమ వంతు ఎప్పుడొచ్చిందో, నీళ్లు ఎన్నాళ్లు ఆగాయో వాళ్లు తేదీలతో సహా చెబుతారు. కాగితం మీది లెక్కకూ వాళ్ల మాటకూ పొంతన కుదరకపోతే అదే నీ వార్త. అధికారులు కాగితం ఇవ్వము అంటే సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెట్టు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే అప్పీలుకు వెళ్లు, మొహమాటపడకు.

భాష గురించి ఒక్క మాట. 'ఈ సందర్భంగా ఆయన మాట్లాడుతూ', 'పలువురు పాల్గొన్నారు' లాంటివి నీ కాపీలో కనిపిస్తే కొట్టేయ్. వార్త రాశాక మీ నాన్నగారికి పైకి చదివి వినిపించు. ఆయన మధ్యలో 'అంటే?' అన్న చోటల్లా తిరగరాయాలి.

డబ్బు సంగతి దాచను. మండలాల్లో వార్తలు పంపే కంట్రిబ్యూటర్లు చాలాచోట్ల లైన్ అకౌంట్ మీదే, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీదే బతుకుతున్నారు. కొన్ని సంస్థలు వాళ్ల మీదే యాడ్స్ టార్గెట్ పెడతాయి. విలేకరి చేత ప్రకటనలు అడిగించే ఉద్యోగం వద్దమ్మా. అడిగి డబ్బు తీసుకున్న మిల్లు మీద రేపు వార్త రాయలేవు. అంతకంటే పీఆర్ నయం, అది గౌరవమైన పనే. కాకపోతే ఒకే విషయం మీద అటు పీఆర్, ఇటు వార్తలు రెండూ చేయకు.

ఇంకొకటి. లైంగిక నేరాల్లో బాధితుల పేరు, ఫొటోనే కాదు, ఊరు, బడి, బంధువుల వివరాలతో ఆనవాలు దొరుకుతుందనుకుంటే అవీ రాయకూడదు. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ చదువుకో. బ్రేకింగ్ హడావుడిలో ఈ తప్పు కళ్లముందే జరిగిపోతుంది, ఆ పిల్ల బతుకంతా దాన్ని మోయాలి.

ఇంటర్న్‌షిప్ కోసం ఆగకు. ఈ యాసంగిలోనే మీ మేజర్ కాలువ (ప్రధాన కాలువ నుంచి చీలే పెద్ద పిల్లకాలువ) మీద ఆరు వందల మాటల్లో ఒక కథనం రాసి పంపు. చివరి భూముల రైతు మాట మూడో పేరాలోపే రావాలి. చోటు చాలకపోతే డెస్క్‌లో కింది నుంచే కోస్తారు.

ఆశీస్సులతో,
మీ బాబాయి