బ్రాకెట్లో దాచేసిన నవ్వు

తమ్ముడూ,

జాతి ద్వేషం మీద వచ్చిన సినిమాల గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది, రెండుసార్లు చదివా. భాష బానే ఉంది, దాని గురించి ఇంక మాట్లాడను. చివరి లైన్ దగ్గర మాత్రం నాకు ఒళ్ళు మండింది. "ఇలాంటి సినిమాలు చూస్తే మనిషిలో ద్వేషం చచ్చిపోతుంది" అట. ఎవరు చెప్పారయ్యా నీకు?

సినిమాకి అంత పవరే ఉంటే అది రెండువైపులా కోస్తుంది కదా. 1915లో గ్రిఫిత్ తీసిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' లో ముసుగులేసుకుని నల్లవాళ్ళ మీద దాడులు చేసే తెల్లవాళ్ళ ముఠా, కూ క్లక్స్ క్లాన్ వాళ్ళే హీరోలు, ఎప్పుడో మూలపడిపోయిన ఆ క్లాన్‌ని అదే ఏడాది జార్జియాలో మళ్ళీ లేపారు, తర్వాత ఏళ్ళ తరబడి ఆ సినిమానే వేసి చూపించి మెంబర్లని చేర్చుకున్నారు. 1940లో నాజీలు యూదుల మీద విషం కక్కుతూ 'యూద్ జ్యూస్' తీయిస్తే హిట్లర్ అనుచరుడు హిమ్లర్ తన ఎస్సెస్ దళం వాళ్ళనీ పోలీసుల్నీ అది చూసి తీరాలన్నాడు. ఆ హాళ్ళలోంచి కూడా జనం మనసు బరువెక్కే బయటికొచ్చుంటారు, నీలాగే.

నా పిచ్చి ఒకటుంది, అందరికీ చెప్పి విసిగిస్తుంటా: విలన్ని వదిలెయ్, విలన్ చుట్టూ ఉన్నవాళ్ళని చూడు. విలన్ని తిట్టుకోడానికి మనకి సినిమా అక్కర్లేదు. 'ట్వెల్వ్ ఇయర్స్ ఎ స్లేవ్' లో కొరడా సీన్ మీద పేజీన్నర రాశావే, ఆ ఉరి సీన్ ఎలా వదిలేశావ్? బానిసగా బతుకుతున్న నల్లజాతి హీరో సాలమన్ మెడకి తాడు, కాలివేళ్ళు బురదలో జారుతుంటాయి, డైరెక్టర్ ఎంతసేపటికీ కట్ చెయ్యడు. వెనకాల పనివాళ్ళు గుడిసెల్లోంచి వచ్చి ఎవరి పని వాళ్ళు చేసుకుంటుంటారు, పిల్లలు ఆడుకుంటుంటారు, ఒకామె మాత్రం పరిగెత్తుకొచ్చి ఇన్ని నీళ్ళు తాగించి వెళ్ళిపోతుంది. పైన బాల్కనీలోంచి దొరసాని చూస్తుంటుంది. సీట్లో కూర్చున్న మనం కూడా చూస్తూనే ఉన్నాం కదా.

ఇది నేనెలా నేర్చుకున్నానో చెప్తా. కుర్రతనంలో 1967 నాటి 'ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్' చూశా. తెల్ల భూస్వామి చెంప మీద కొడితే నల్లజాతి పోలీసుగా వేసిన సిడ్నీ పోయిటియర్ ఒక్క క్షణం కూడా ఆగకుండా తిరిగి కొడతాడు. హాలంతా చప్పట్లు, నా పక్కవాడైతే ఒకటే విజిల్స్. ఆట వదిలాక ఆ విజిల్స్ వేసినవాడే గేటు దగ్గర హాలు ఊడ్చే ముసలావిడ చీపురు కాలికి తగిలిందని బూతులు తిట్టాడు, నేను పక్కకి తప్పుకుని వెళ్ళిపోయా. అదంతా రాసి ఒక పత్రికకి ఇస్తే ఎడిటర్ గారు ముసలావిడని కొట్టేశారు. "పాఠకుడు ఇబ్బంది పడతాడండీ" అన్నారు. పైన 'ఆత్మగౌరవపు చెంపదెబ్బ' అని హెడ్డింగ్ పెట్టి వేశారు. ఆ కటింగ్ ఇప్పటికీ నా దగ్గరుంది, చూసినప్పుడల్లా మండుతుంది.

అవార్డులదీ అదే వరస. 1989లో నల్లజాతి డైరెక్టర్ స్పైక్ లీ 'డూ ది రైట్ థింగ్' తీస్తే బెస్ట్ పిక్చర్‌కి నామినేషన్ కూడా దక్కలేదు, ఆస్కార్ 'డ్రైవింగ్ మిస్ డైసీ' పట్టుకుపోయింది. ముప్ఫై ఏళ్ళకి మళ్ళీ ఆయన 'బ్లాక్ క్లాన్స్‌మన్' ని పక్కన పెట్టి 'గ్రీన్ బుక్' కిచ్చారు. ఆ రెండు సినిమాల్లోలాగా నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే కారులో కలిసి తిరిగితే చాలు, గొడవ తీరిపోయినట్టే వీళ్ళకి. సరే, అది నా ఏడుపు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం నీ నాలుగో పేజీ. 'బ్లాక్ క్లాన్స్‌మన్' గురించి రాస్తూ బ్రాకెట్లో ఒక ముక్క దూర్చావ్: నల్లజాతి పోలీసైన హీరో తెల్లవాడిలా నటిస్తూ ఫోన్లో ఆ క్లాన్ వాడితో నల్లవాళ్ళని తిడుతుంటే నువ్వు గట్టిగా నవ్వావని, పక్క సీటతను నీవైపు చూశాడని. బ్రాకెట్లో ఎందుకు పెట్టావయ్యా? వ్యాసమంతా అదే కదా! అదే సినిమాలో తర్వాత క్లాన్ వాళ్ళు కూర్చుని 'బర్త్ ఆఫ్ ఎ నేషన్' చూస్తూ కేరింతలు కొడతారు. ఇంకోచోట ముసలి హ్యారీ బెలాఫోంటే 1916లో టెక్సాస్‌లోని వేకోలో జెస్సీ వాషింగ్టన్ అనే నల్ల కుర్రాణ్ణి వేలమంది ముందు కాల్చి చంపిన కథ చెప్తుంటాడు. ఆ ఫోటోలు పోస్ట్‌కార్డులుగా అమ్ముడుపోయాయి, తెలుసా, జనం కొనుక్కున్నారు. ఇంత ఉంటే నువ్వేమో "మానవత్వం" అని ఆరుసార్లు రాశావ్, లెక్కపెట్టా.

చివరి పేరా తీసెయ్. బ్రాకెట్ తీసేసి అక్కణ్ణించి మొదలుపెట్టు. ఆ పక్క సీటతను ఎలా చూశాడు, అతనూ నవ్వుతున్నాడా, నువ్వు నవ్వు ఆపేశావా, ఆపితే ఎందుకాపావ్, అదేం రాయలేదు. అది రాసి పంపు. ఏ పత్రికకి పంపాలన్నది అప్పుడు చూద్దాం.

ఉంటా.