180 కుట్ల దుప్పటికి ఏ సర్క్యులర్ సూది?

దుప్పటి అల్లడానికి 180 కుట్లు వేస్తే నిటారు సూదుల చివర్ల నుంచి జారిపోతున్నాయని, మణికట్టు నొప్పి పుడుతోందని రాశారు. వెంటనే సర్క్యులర్ సూదికి మారండి, అంటే రెండు పొట్టి సూదులను వంగే కేబుల్‌తో కలిపిన సూది. గుండ్రంగా అల్లడానికే కాదు, అటూ ఇటూ తిప్పి వరుసలు అల్లడానికీ అది చక్కగా పనికొస్తుంది. బరువంతా కేబుల్ మీదుగా ఒడిలోకి దిగుతుంది, మణికట్టుకు ఎంతో హాయి.

మీకు 10 సెంటీమీటర్లకు 18 కుట్లు వస్తున్నాయన్నారు కాబట్టి దుప్పటి వెడల్పు 100 సెంటీమీటర్లు. సూది మాత్రం అంత పొడవు ఉండి తీరాలని లేదు. కుట్లు కేబుల్ మీద దగ్గరగా ముడుచుకుంటాయి, 80 సెంటీమీటర్ల సూది సరిపోతుంది. నేనైతే 100 తీసుకుంటాను, మధ్యమధ్యలో పరచి వెడల్పు చూసుకోవచ్చు. సూది పొడవు కొలిచేది ఒక మొన నుంచి రెండో మొన దాకా. 60 వద్దు, కుట్లు కిక్కిరిసిపోతాయి.

పొడవు కన్నా నేను ఎక్కువగా పట్టించుకునేది సూదికీ కేబుల్‌కూ మధ్య ఉండే అతుకు. కొనేముందు దాని మీద గోటితో రాసి చూడండి. గోరు తట్టుకుంటే ప్రతి వరుసలోనూ ఊలు అక్కడే తట్టుకుంటుంది. మీ అక్రిలిక్ దారం బాగా జారుతోందన్నారు, అందుకని లోహం కన్నా వెదురు సూది మేలు. కొత్త కేబుల్ చుట్టలు చుట్టుకుపోతే వేడినీళ్లలో ఒక నిమిషం ముంచి, తిన్నగా లాగి ఆరనివ్వండి.