గ్లైగర్‌ను వదిలేయకు, బుజ్జమ్మా

చిరంజీవి బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ పోకెమాన్ ఆటలోని ప్రాణి గ్లైగర్ నలభయ్యో లెవెల్ దాటినా తరువాతి రూపానికి మారలేదని, దాన్ని వదిలేసి వేరేది పెంచుకుంటానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వదలకు తల్లీ. అందులో దాని తప్పేమీ లేదు.

లెవెల్ ఎంత పెరిగినా అది తనంతట తాను దాని తరువాతి రూపమైన గ్లైస్కార్‌గా మారలేదు. నీ సంచిలో ఊరికే పడి ఉందన్నావే రేజర్ ఫ్యాంగ్ అనే వస్తువు, దాన్ని గ్లైగర్ చేత పట్టించి, ఆటలో చీకటి పడ్డాక ఒక్క లెవెల్ పెంచు. పగలు పది లెవెళ్లు పెంచినా ప్రయోజనం ఉండదు. నేను పాత పోకెమాన్ ఆట డైమండ్ ఆడే రోజుల్లో ఈ సంగతి తెలియక వారం రోజులు పగటిపూటే తిప్పాను. రాజోలులో పాత ఇంటి వెనక చింతచెట్టుకు గబ్బిలాలు వేలాడేవి, గుర్తుందా? గ్లైస్కార్ కూడా రాత్రివేళ కొమ్మకు తోక చుట్టి, తలకిందులుగా వేలాడుతూ వేటకు కాచుకుంటుంది. అందుకే రాత్రి మారడం దానికే తగింది అనిపిస్తుంది నాకు. 1999లో గోల్డ్, సిల్వర్ ఆటల్లో పుట్టినప్పుడు గ్లైగర్‌కు తరువాతి రూపమే లేదు. గ్లైస్కార్ వచ్చింది 2006లో. ఏడేళ్లు ఆగిన ప్రాణి కోసం నువ్వు ఒక్క రాత్రి ఆగలేవా?

మారేటప్పుడు రేజర్ ఫ్యాంగ్ ఖర్చయిపోతుంది. ఖాళీ అయిన ఆ చోట టాక్సిక్ ఆర్బ్ అనే విషపు గోళం పెట్టు. అది పట్టుకున్న ప్రాణికే విషం ఎక్కిస్తుంది కదా అని కంగారు పడకు. గ్లైస్కార్‌కు పాయిజన్ హీల్ అనే గుణం ఉంటే ఆ విషమే మందు. పోరులో ప్రతి వంతు (ఇద్దరూ ఒక్కో ఎత్తు వేసే విడత) చివరా మొత్తం ప్రాణంలో ఎనిమిదో భాగం తిరిగి వస్తుంది. పైగా ఒంట్లో విషం ఉన్నంతకాలం నిద్ర, పక్షవాతం, కాలిన గాయం దాని దరి చేరవు. అయితే ఈ గుణం దాగి ఉండేది, అన్నిటికీ రాదు. నీ దానికి లేకపోతే ఆ దాగిన గుణాన్ని తెచ్చే ఎబిలిటీ ప్యాచ్ అనే వస్తువు వాడాలి. అది దొరకడం కష్టమే, కానీ దీనికి ఖర్చు పెట్టినందుకు నేను ఎప్పుడూ బాధపడలేదు.

ఎక్కువమంది పొరబడేది మొదటి వంతులోనే. ఆర్బ్ పని చేసేది వంతు ముగిశాక. ఆలోపు ఎదుటివాళ్లు నాక్ ఆఫ్ అనే దాడితో దాన్ని పడగొట్టినా, వేరే జబ్బు అంటించినా మన పథకమంతా పోతుంది. కాబట్టి పోరులోకి రాగానే, ఆ వంతుకు దాడులను అడ్డుకునే ప్రొటెక్ట్ వాడు. విషం ఎక్కాక ఇక నిదానంగా ఆడు. 160 ప్రాణం ఉందనుకో, తన బదులు దెబ్బలు తినే బొమ్మను నిలబెట్టే సబ్‌స్టిట్యూట్‌కు 40 పోతుంది. వంతుకు 20 చొప్పున రెండు వంతుల్లో అదీ తిరిగి వస్తుంది. ఒకసారి సబ్‌స్టిట్యూట్, ఒకసారి ప్రొటెక్ట్ వేస్తూ ఉంటే, నువ్వు టాక్సిక్ అనే ఎత్తుతో ఎక్కించిన విషం అవతలి ప్రాణిని వంతు వంతుకూ ఎక్కువగా తినేస్తుంది. ఉక్కు రకానికి, విష రకానికి మాత్రం విషం ఎక్కదు. వాటి కోసమే ఎర్త్‌క్వేక్ అనే నేల దాడి నేర్పించు, ఆ రెండు రకాలకూ నేల దాడి రెట్టింపు తగులుతుంది.

వేగం 95, రక్షణ 125 ఉన్నాయని మురిసిపోయి అన్నిటి ముందూ నిలబెట్టకు. నీటి దాడి దానికి రెండింతలు, మంచు దాడి నాలుగింతలు. ఐస్ బీమ్ అనే మంచు దాడి ఒక్కటి చాలు. వరద వస్తుందని తెలిస్తే మన లంకల్లో వాళ్లు నీళ్లు ఎక్కకముందే పశువులను ఏటిగట్టు మీదికి తోలుకొస్తారు. మంచు రకం కనబడగానే నువ్వూ అలాగే దాన్ని వెనక్కి పిలిచేయ్. నువ్వు ఆడేది స్కార్లెట్ ఆట కాబట్టి, దాని టెరా రకాన్ని (పోరు మధ్యలో అది మారగలిగే రకాన్ని) నీటికి మార్చుకుంటే ఇంకా మంచిది. అవసరమైన వంతులో టెరా చేస్తే అదే మంచు దాడి సగమే తగులుతుంది.

ఈ రాత్రికే రేజర్ ఫ్యాంగ్ పట్టించు. మారగానే నాకు ఫోను చెయ్యి, ఎంత పొద్దుపోయినా సరే, మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ