నీ కథలో గిన్నె లేదు

అబ్బాయ్,

నీ కథ ఆదివారం రాత్రి ఒకసారి, మర్నాడు పొద్దున్నే కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. మొదటిసారి బాగుందనిపించింది, రెండోసారికి చిరాకేసింది. ఎందుకో చెప్తాను, టెన్షన్ పడకు.

ముందు నచ్చింది చెప్తాను. అట్లాంటాలో ఉద్యోగం, సెలవు రోజు దొరికితే పొట్‌లక్‌లూ పూజలూ, వాటన్నిటినీ వదిలేసి రెండు గంటల పైన కారు నడుపుకుంటూ పోయి ఆండర్సన్‌విల్‌లో, ఒకప్పుడు దక్షిణాదివాళ్ళు ఉత్తరాది సైనికుల్ని ఖైదు చేసిన జైలుండే ఆ ఖాళీ గడ్డిమైదానంలో నిలబడ్డావు చూడు, అది నచ్చింది. తెలుగువాడికి అమెరికా అంతర్యుద్ధం ఎందుకని ఎవరైనా అంటే పట్టించుకోకు, నువ్వు బతుకుతున్న నేల అది. కానీ అబ్బాయ్, కథ మొదట్లో చందమామ, చివర్లో అమ్మ ఫొటో, మధ్యలో మీసం మెలేసే దుర్మార్గపు కెప్టెన్. నాలుగు పేజీల పాటు నీ సైనికుడు ఆకాశంలోకి చూస్తూ కూర్చున్నాడు. వాడు ఏం తిన్నాడు? దేంట్లో వండుకున్నాడు? కట్టెపుల్ల ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడు? నీ కథలో గిన్నె లేదు. నా గొడవంతా అదే.

అక్కడ సంగతి నీకు తెలియంది కాదు. ఆ జైలుని 1864 ఫిబ్రవరిలో తెరిచారు, 10 వేల మంది కోసమని పదహారున్నర ఎకరాల చుట్టూ పైన్ దుంగలు పాతారు, జూన్‌లో ఇంకో పదెకరాలు కలిపారు, ఆగస్టు వచ్చేసరికి లోపల 32 వేల మందికి పైనే. బ్యారక్‌లు కట్టలేదు. చెట్లన్నీ ముందే కొట్టేశారు. నీడ కావాలంటే నలుగురూ కలిసి ఉన్న దుప్పట్లు, కోట్లు కర్రల మీద కప్పుకోవాలి, దాన్నే వాళ్ళు షెబాంగ్ అన్నారు. రేషన్ కింద ఇచ్చింది మొక్కజొన్న పిండి, అదీ గింజతో పాటు బెండు కూడా కలిపి విసిరింది, చాలాసార్లు పచ్చిపిండే చేతిలో పోసేవాళ్ళు. గిన్నెలు ఇవ్వలేదు. చేతిలో గిన్నె లేనివాడు టోపీలోనో, చొక్కా చేతిలోనో పట్టుకోవాలి. మరి ఎలా వండుకున్నారు? సైనికుడి భుజానికి వేలాడే రేకు నీళ్ళసీసా ఉంటుంది కదా, దాని అతుకు ఊడదీస్తే రెండు చిప్పలవుతాయి. ఒక చిప్ప పెనం, కంచం, పార, ఏదైనా సరే. వాటితోనే నీళ్ళకోసం బావులు తవ్వారు, బావి తవ్వుతున్నట్టు నటిస్తూ పారిపోవడానికి సొరంగాలూ తవ్వారు. ఆ చిప్ప పోతే మనిషి పోయినట్టే. నీ హీరోకి ఆ చిప్ప ఇచ్చి, మూడో పేజీలో ఎవడి చేతో దొంగిలింపజెయ్యి, కథ అదే నడుస్తుంది, చందమామ అక్కర్లేదు.

ఇంకొకటి, ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు బయటికి పోయి తిరిగొచ్చాను. శవాన్ని మోసుకుని గోడ అవతలి శవాల పాకకి తీసుకెళ్ళే పని కోసం ఖైదీలు పోటీపడేవాళ్ళట, ఒక్కోసారి ఆ హక్కుని కొనుక్కునేవాళ్ళట. తిరిగొచ్చేటప్పుడు దారిలో కాసిని పుల్లలు ఏరుకోవచ్చని. రాత్రంతా పక్కన పడుకున్నవాడు తెల్లారేసరికి పోతే, ఏడుపుతో పాటే పొయ్యిలోకి పుల్లలు దొరుకుతాయన్న ఆలోచన కూడా వచ్చిందన్నమాట. నువ్వు రాసిన 'అతని హృదయం ముక్కలైంది' అనే వాక్యం దీని పక్కన పెట్టి చూసుకో. ఏది ఉంచుతావో నీ ఇష్టం.

డెడ్‌లైన్ గురించి నువ్వు రాసిన ముగింపు తీసెయ్. గోడకి 19 అడుగుల లోపల సన్నకర్రల కంచె, అది దాటితే పైన కాపలావాడు కాలుస్తాడు, ఇప్పుడు మనం ఆఫీసుల్లో వాడే మాట అలాంటి జైళ్ళలోనే పుట్టింది, నిజమే. కానీ ఆ చమత్కారం ఎవరికైనా తడుతుంది. ఆగస్టు వానకి పుట్టిన ఊటని కూడా దేవుడి మహిమలా చూపించావు. వాళ్ళు దానికి ప్రావిడెన్స్ స్ప్రింగ్ అని పేరు పెట్టుకున్నారు, అది వాళ్ళ నమ్మకం, గౌరవించు. కానీ అదే ఆగస్టులో రోజుకి వంద మంది దాకా చచ్చిపోయారు, నెత్తురు విరేచనాలతో, విటమిన్ సి లేక వచ్చే స్కర్వీతో చిగుళ్ళు కుళ్ళి, కాళ్ళు ముడుచుకుపోయి. లోపల పారే ఒక్క వాగుకీ ఎగువన కాపలావాళ్ళ గుడారాలు, వంటశాల. దిగువన మరుగుదొడ్డి. మధ్యలో తాగే నీళ్ళు. ఒక్క ఊట వీటన్నిటినీ కడిగెయ్యలేదు కదా.

నీ సైనికుడు ఒంటరివాడు. ఎందుకు? ఒంటరితనం రాయడం తేలిక కాబట్టి, అంతే కదా (నా మొదటి పది కథల్లోనూ అందరూ ఒంటరివాళ్ళే). అక్కడ ఒంటరిగా ఉన్నవాడు ఎక్కువ రోజులు బతకలేదు. డోరా కోస్టా, మాథ్యూ కాన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు పాత సైనిక రికార్డులు తిరగేసి 2007లో లెక్కగట్టారు: తన దళంవాళ్ళు ఎక్కువమంది లోపల ఉన్నవాడికి బతికే అవకాశం ఎక్కువ, వాళ్ళు బంధువులో ఒకే ఊరివాళ్ళో అయితే ఇంకా ఎక్కువ. ఎందుకో నువ్వే ఊహించుకోవచ్చు. ఒకడు రేషన్‌కి లైన్లో నిలబడితే ఇంకొకడు దుప్పటికి కాపలా, ఒకడికి జ్వరమొస్తే ఇంకొకడు నీళ్ళు తెస్తాడు, బట్టల్లో పేలు ఏరతాడు.

మంచితనం మరీ ఎక్కువగానూ రాయకు. లోపలే ఒక ముఠా ఉండేది, రెయిడర్స్, వాళ్ళూ ఉత్తరాది సైనికులే. కొత్తగా వచ్చినవాళ్ళని 'ఫ్రెష్ ఫిష్' అనేవాళ్ళు. నార్త్ కరొలైనాలోని ప్లిమత్‌లో 1864 ఏప్రిల్‌లో పట్టుబడినవాళ్ళు కొత్త యూనిఫారాలతో, జేబులో అప్పుడే అందిన జీతం డబ్బుతో దిగారు, ముఠాకి పండగ. చివరికి ఖైదీలే కర్రలు పట్టుకుని ముఠాని పట్టి, కమాండర్ అనుమతితో విచారణ జరిపి, జులై 11న ఆరుగురిని ఉరితీశారు. ఒకడి తాడు తెగింది. మళ్ళీ ఎక్కించారు. ఆ ఆరు సమాధులూ ఇప్పటికీ మిగతావాటికి ఎడంగా ఉన్నాయి, చూసే ఉంటావు, కథలో ఎందుకు లేవు?

ఇక నీ కెప్టెన్. ఆ జైలు కమాండర్ హెన్రీ వర్జ్‌ని 1865 నవంబర్ 10న వాషింగ్టన్‌లో ఉరితీశారు. ఆయన్ని నిర్దోషి అనమని నేను చెప్పట్లేదు. కానీ నీ కథలో అక్కడ పోయిన 13 వేల మందినీ ఆయన ఒక్కడే చంపినట్టుంది. నల్లజాతి సైనికులని మిగతావాళ్ళతో సమానంగా మార్పిడి చెయ్యడానికి దక్షిణం ఒప్పుకోకపోవడంతో రెండు వైపులా ఖైదీలని ఇచ్చిపుచ్చుకోవడం 1863లో ఆగిపోయింది, జైళ్ళు నిండింది అందుకే, ఉత్తరానికీ ఆ తర్వాత దాన్ని మళ్ళీ మొదలుపెట్టాలన్న తొందర లేదు, ఎందుకంటే వదిలిన ప్రతి దక్షిణాది సైనికుడూ మళ్ళీ తుపాకి పడతాడు. ఇవన్నీ కథలో ఉపన్యాసంలా పెట్టమనట్లేదు, నీకు తెలిసుంటే వాక్యం దానంతటదే మారుతుంది. ఉత్తరాన న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా జైలు సంగతి కూడా చదువు. తిండి ఉన్న దేశం, అయినా 12 వేల మంది దక్షిణాది ఖైదీల్లో 3 వేల మంది దాకా పోయారు. వాళ్ళని పాతిపెట్టినవాడు జాన్ జోన్స్, దక్షిణాది నుంచి పారిపోయొచ్చిన బానిస. ఎవరు తనని బానిసగా ఉంచడానికి పోరాడారో వాళ్ళ పేర్లే ఒక్కొక్కటీ జాగ్రత్తగా రాసిపెట్టాడు. నీ స్థానంలో నేనుంటే ఆండర్సన్‌విల్ వదిలేసి ఆయన కథ రాసేవాణ్ణి. కానీ ఆయన్ని దేవుణ్ణి చెయ్యకుండా రాయగలవా? ఒక్కో శవానికి రెండున్నర డాలర్లు ముట్టాయి, అది కూడా రాయాలి.

ఆండర్సన్‌విల్‌లోనూ అలాంటివాడొకడున్నాడు, డోరెన్స్ ఆట్‌వాటర్. పంతొమ్మిదేళ్ళ ఖైదీ, చనిపోయినవాళ్ళ జాబితా రాసే గుమాస్తా పని ఇస్తే, దొంగతనంగా ఇంకో ప్రతి రాసుకున్నాడు. 1865 ఎండాకాలంలో యుద్ధంలో గాయపడ్డవాళ్ళకి సేవ చేసిన క్లారా బార్టన్‌తో కలిసి వెళ్ళి సమాధులకి పేర్లు పెట్టింది ఆ జాబితాల వల్లే. దాదాపు 13 వేల సమాధుల్లో 460 మాత్రమే పేరు లేకుండా మిగిలాయి. ఆ జాబితా ఎవరిదన్న గొడవలో ఆట్‌వాటర్‌ని సొంత ప్రభుత్వమే జైల్లో పెట్టింది. ఇది నేను కల్పించి రాస్తే సంపాదకులు నమ్మేవాళ్ళు కాదు.

చదివేటప్పుడు ఒక జాగ్రత్త. యుద్ధం అయిపోయిన పదిహేనేళ్ళకి రాసుకున్న జ్ఞాపకాల్లో కోపం ఎక్కువ, తేదీలు తక్కువ. అప్పటికప్పుడు పెన్సిల్‌తో గీకిన డైరీలు దొరికితే వాటిని ముందు చదువు. వాటిలో వాన, పిండి, ఎవరు పోయారు, అంతే ఉంటుంది. 1864 ఆగస్టులో రిడిల్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోలు పెద్దవి చేసుకుని చూడు, ముఖాలు కాదు, ఎవరి చేతిలో ఏముందో చూడు.

మళ్ళీ రాసేటప్పుడు ముందు నీ సైనికుడు వాగుకి ఉత్తరం వైపు ఉన్నాడో దక్షిణం వైపు ఉన్నాడో తేల్చుకో, నీళ్ళకి ఎంతమందిని దాటుకుంటూ నడవాలో దాన్నిబట్టే ఉంటుంది. రెండో ప్రతి వచ్చే నెలలో పంపినా చాలు. అక్షరాలు మాత్రం కాస్త పెద్దవి చేసి పంపు, కంటి ఆపరేషన్ అయి మూడు వారాలే అయింది, నీ పేజీలు చదవడానికి మా ఆవిడ చేత తిట్లు తింటున్నాను.