రాత్రంతా సర్వీసులు చూడటం కూడా ఒక ఉద్యోగమేనా?

జడ్చర్ల నుంచి ఒక తండ్రి ప్రశ్న: "మావాడు బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయి హైదరాబాద్‌లో నెట్‌వర్క్ మానిటరింగ్ ఉద్యోగంలో చేరాడు. నైట్ షిఫ్టు. సాఫ్ట్‌వేర్ సర్వీసులు నడుస్తున్నాయా లేదా చూడటమే పనట. మా బామ్మర్ది వాచ్‌మన్ పని అంటున్నాడు. మాన్పించి అమీర్‌పేటలో క్లౌడ్ (ఇంటర్నెట్ మీద అద్దెకు తీసుకునే సర్వర్లు), డెవాప్స్ (సాఫ్ట్‌వేర్ తయారీ, నడపడం కలిపి చూసుకునే పని) కోర్సులో చేర్పించాలా, సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) చేయించాలా?"

అన్నా, ఈ ప్రశ్న మన పాలమూరు, నల్గొండ వైపు నుంచి వస్తూనే ఉంటుంది. మీ టెన్షన్ కోర్సు గురించి కాదు, పెళ్ళిలో ఎవరైనా "మీవాడు ఏం చేస్తుండు" అని అడిగితే గొప్పగా చెప్పుకునే పేరు లేదని.

చూడటమే పని అంటున్నారు, ఏం చూస్తాడో ఒక్కసారైనా అడిగారా? జబ్బిక్స్, నాగియోస్ లాంటి సాఫ్ట్‌వేర్ వందల రౌటర్లను, స్విచ్‌లను (కంప్యూటర్లను నెట్‌వర్క్‌కు కలిపే పెట్టెలను) ఒక్కచోటి నుంచి గమనిస్తుంటుంది. గమనించేదే మూలన పడితే? సర్వీస్ 'రన్నింగ్' అనే చూపిస్తుంది, వెనకాల డిస్క్ నిండిపోయి డేటాబేస్‌లోకి కొత్తగా ఒక్క ముక్క ఎక్కదు, తెర మీద కనబడే పచ్చరంగు గంట కిందటిది. స్టార్టర్ మీద లైటు వెలిగినంత మాత్రాన బోరు నీళ్ళు పోస్తున్నట్టా? పని తెలిసినవాడు చివరి డేటా ఎన్ని గంటలకు వచ్చిందో చూస్తాడు, లాగ్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ తనకు తానే రాసుకునే చిట్టాలో, ఆఖరి లైన్లు చదువుతాడు, డిస్క్‌లో ఖాళీ, 162 పోర్టుకు ట్రాప్‌లు (పరికరాలు తమంతట తామే పంపే హెచ్చరికలు) వస్తున్నాయా లేదా చూసుకుని, అప్పుడు రీస్టార్ట్ జోలికి పోతాడు, అదీ ముందు డేటాబేస్, తర్వాత మిగతావి. తెలియనివాడు రాగానే రీస్టార్ట్ కొడతాడు, అది ఏ స్థితిలో ఇరుక్కుందో ఇక ఎవరికీ తెలియదు.

క్లౌడ్, డెవాప్స్ చెడ్డవని కాదు, కానీ ఫ్రెషర్‌ను నేరుగా అందులో కూర్చోబెడతామనే మాట నేను నమ్మను. కోర్సులో టూల్స్ పేర్లు, బటన్లు చూపిస్తారు, ఇంటర్వ్యూలో "సర్వీస్ లేవడం లేదు, ముందు ఏం చూస్తావ్" అని అడిగితే సర్టిఫికెట్ ఉన్న పిల్లలు బిక్కమొహం వేస్తున్నారు. ఆ జవాబు మీవాడు జీతం తీసుకుంటూ నేర్చుకుంటున్నాడు, మీరేమో పత్తి డబ్బులు పోసి దాన్ని మాన్పిస్తానంటున్నారు! బామ్మర్ది ఫీజు కడతాడా?

సీసీఎన్ఏ అయితే ఉద్యోగం చేస్తూనే రాయొచ్చు. 2020 నుంచి ఒకటే పరీక్ష, దాని కోడ్ 200-301. ఎస్ఎన్ఎంపీ (పరికరాల స్థితి తెలుసుకునే పద్ధతి), సిస్‌లాగ్ (పరికరాలు పంపే సందేశాల చిట్టా) అందులోనే ఉన్నాయి, వాడు రోజూ చూసేవే. దానితోపాటు లైనక్స్ (సర్వర్లలో వాడే ఆపరేటింగ్ సిస్టమ్), కొద్దిగా పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) పట్టుకుంటే క్లౌడ్‌కు దారి అదే పడుతుంది. నైట్ షిఫ్టు ఒళ్ళు గుల్ల చేస్తుంది, అది నిజం, పగలు వాడు పడుకున్నప్పుడు ఫోన్లు చేయకండి.

ఇంటికి వచ్చినప్పుడు జీతం సంగతి పక్కనపెట్టి, ఈ వారం ఏం ఆగింది, ఎందుకు ఆగింది అని అడగండి. కారణం చెప్పగలిగితే వాడిని వదిలేయండి. ఆరు నెలల తర్వాత కూడా "టికెట్ వేసి పై టీమ్‌కు పంపిన" (సమస్య రాసి పైవాళ్ళకు అప్పజెప్పిన) అనే అంటుంటే మాత్రం, కంపెనీ మారడం గురించి మాట్లాడుకుందాం.